ఆరని తెల్లరంగు

పోయిన ఏడాది శిక్షణ తరగతిలో మీలో ఒకరు నన్నొక ప్రశ్న అడిగారు. "సార్, స్పీడ్ బ్రేకర్ వేశాక తెల్లరంగు కొట్టేదాకా ఒక్క బండిని కూడా వదలొద్దంటారు. ఈ పట్టుదల మీకెక్కడి నుంచి వచ్చింది?" అని. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీర్లతో ఆ గది నిండుగా ఉంది. నేను గుక్కెడు నీళ్లు తాగి, "అనుభవం" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట అబద్ధం కాదు, కానీ నేను దాన్ని అబద్ధంలాగానే వాడుకున్నాను. అసలు జవాబు ఇది.

తెలంగాణ వచ్చిన రెండో ఏడు. పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు కలిసే చోట రోడ్ల శాఖలో ఒక సెక్షన్‌కు నేను ఇంజనీరును. మర్రిగూడ దిక్కు పోయే రోడ్డొకటి నా చేతి కింద ఉండేది. అంతకు ముందే దాన్ని వెడల్పు చేసి, నున్నగా తారు పోశాం. జనం సంతోషపడ్డారు. ఆ తర్వాత చావులు పెరిగాయి. గుంతలున్నన్నాళ్లు ఆ గుంతలే బండ్లను ఆపేవి. మేము గుంతలు పూడ్చాం, వాటి బదులు ఆపేదేదీ పెట్టలేదు.

నా దగ్గర ఒక వర్క్ ఇన్‌స్పెక్టర్ ఉండేవాడు. రోడ్డు గ్యాంగులో కూలీగా చేరి, తట్టలు మోసి, ఆ పదవి దాకా వచ్చిన మనిషి. వయసులో నాకంటే పెద్ద. నేను "అన్నా" అనేవాణ్ని, ఆయన నన్ను "సార్" అనేవాడు. చదివింది ఏడో తరగతి. చెప్పులు విప్పి రోడ్డు అంచున నాలుగడుగులు వేసి, కింద నీళ్లు ఎక్కడ చేరాయో పాదంతో చెప్పేవాడు. ఆయన చెప్పింది తప్పవడం నేను చూడలేదు. చూడలేదు గానీ, నేను ఆయన మాట విన్న సందర్భాలూ తక్కువే.

ఆ రోడ్డు మీద ఒక ఊరి బస్టాపు దగ్గర మలుపుంది. పక్కన సర్కారు తుమ్మ ఎత్తుగా పెరిగి, ఎదురుగా ఏం వస్తున్నదీ కనిపించేది కాదు. అక్కడ ఏం చెయ్యాలో నాకు తెలియక కాదు. కంప కొట్టించాలి. మలుపుకు ముందు బోర్డు పెట్టాలి. తారు అంచు వెంట మొరం మట్టి పోసి, నడిచేవాళ్లకు ఇంత జాగా చెయ్యాలి. వేగం తగ్గేటట్టు ఊరికి రెండు దిక్కులా తెల్ల పట్టీలు వెయ్యాలి. ఇవన్నీ గ్యాంగు మనుషులతో వారం రోజుల్లో అయ్యే పనులు. ఇవే రాసి పైకి ఒక కాగితం పంపాను. జవాబు రాలేదు. నేనూ మళ్లీ అడగలేదు. మళ్లీ అడగకపోవడం ఏ నియమావళిలోనూ తప్పు కాదు కాబట్టి, దానికి నన్నెవరూ ఏమీ అనలేదు.

ఒకరోజు పొద్దున తొమ్మిదింటికి, ఆ మలుపులో గొర్రెలను రోడ్డు దాటిస్తున్న కాపరిని కంకర టిప్పర్ గుద్దింది. మనిషి అక్కడికక్కడే పోయాడు. నేను వెళ్లేసరికి ఊరంతా రోడ్డు మీద కూర్చుంది. శవం మీద ఎవరిదో గొంగడి కప్పారు. చచ్చిన గొర్రెలు ఇంకా అట్లాగే పడి ఉన్నాయి. రెండు దిక్కులా లారీలు, బస్సులు కనుచూపు మేర ఆగిపోయాయి.

"బ్రేకర్ ఏస్తెనే లేస్తం" అన్నారు జనం.

మధ్యాహ్నం దాకా మాటలతో గడిచింది. పై అధికారి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. చివరికి ఆయన విసుగ్గా, "ఏసెయ్యవయ్యా! పొద్దుగూకే లోపల రోడ్డు తెరవాలె" అన్నాడు. దగ్గర్లోనే రోడ్డుకు అతుకులు వేసే పని నడుస్తోంది. అక్కడ మిగిలిన తారు కంకరను ట్రాక్టర్‌లో తెప్పించాను. స్పీడ్ బ్రేకర్ అంటే వెడల్పుగా, చాప పరిచినట్టు వాలుగా ఉండాలి. అది ఆ సాయంత్రం కూడా నాకు గుర్తుంది. అయితే చుట్టూ జనం నిలబడి, "ఇంకింత ఎత్తు పెట్టుండ్రి సార్! టిప్పరోని నడుమిరగాలె" అని అరుస్తున్నారు. చనిపోయిన కాపరి తమ్ముడు ఒక్క మాట మాట్లాడకుండా నా మొహంలోకే చూస్తున్నాడు. ఆ చూపు ముందు నిలబడి, ఇంతకంటే ఎత్తు పెట్టగూడదు అని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఎత్తు పెంచాను. అది పొలం గట్టులాగా నిటారుగా తయారైంది.

వర్క్ ఇన్‌స్పెక్టర్ నన్ను పక్కకు పిలిచాడు.

"సార్, నల్లటి రోడ్డు మీద నల్లటి గట్టు పెట్టినం. చీకటైతె కండ్లవడదు. సున్నమన్న కొడదాం. చాయ్ హోటలాయన ఇంట్ల ఉన్నదట, అడిగిన."

"రేపు పొద్దుగాల మంచి రంగే తెచ్చి ఏద్దామన్నా. బండ్లు ఎంతదూరం ఆగినయో చూడు."

"జరసేపే గద సార్."

"పొద్దుగాల ఏద్దామంటున్న గద!"

ఆయన పక్కకు పోయాడు. రెండు రాళ్లు తెచ్చి, ఎర్రబట్ట చుట్టి బ్రేకర్‌కు రెండు కొసలా పెట్టాడు. శవాన్ని తీశారు. రోడ్డు తెరిచారు. మొదట కదిలిన లారీ టైరే ఒక రాయిని పక్కకు నెట్టేసింది. జీపు అద్దంలో నాకు కనిపించింది. పొద్దుటి నుంచి తిండి లేదు, తల పగిలిపోతోంది. జీపు ఆపలేదు.

మర్నాడు ఇంకా సరిగ్గా వెలుగు రాకముందే ఫోన్ మోగింది. చాయ్ హోటలాయన.

"సార్, మీ బ్రేకర్ మీద మోటర్‌సైకిల్ ఎగిరిపడ్డది. ఎనక కూసున్న ఆడమనిషి పాణం పోయింది. మొగాయన చెయ్యి ఇరిగింది, దవాఖానకు తీస్కపోయిన్రు."

ఇప్పుడు చెప్పబోయేది ఇన్నేళ్లలో నేను ఎవరికీ చెప్పలేదు. ఆ ఫోన్ పెట్టేశాక నేను మొదట అడిగింది అంబులెన్సు గురించి కాదు. చనిపోయిన ఆమె ఎవరని కూడా కాదు. సెక్షన్ ఆఫీసు పక్కనే ఉండే వర్క్ ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్ చేసి, "అన్నా, రంగు డబ్బా తీస్కొని ఎంటనే ఆడికి పో" అన్నాను.

"రంగా సార్?" అన్నాడు.

"చెప్పింది చెయ్యి. పోలీసులు వచ్చేలోపల కావాలె."

నేను చేరేసరికి బ్రేకర్ మీద తెల్లటి పట్టీలు మెరుస్తున్నాయి. పట్టీలు ఆగిన చోటుకు అవతల, రోడ్డు మీద నెత్తురు. ఒక ఆడమనిషి చెప్పు. వర్క్ ఇన్‌స్పెక్టర్ కల్వర్టు గోడ మీద కూర్చుని ఉన్నాడు, చేతులు మోచేతుల దాకా తెల్లగా. నన్ను చూసి లేవలేదు. నా కింద పని చేసిన అన్నేళ్లలో అదొక్కసారే ఆయన లేవకపోవడం.

కాసేపటికి పంచనామాకు ఎస్సై వచ్చాడు. "రంగు ఎప్పుడేసిన్రు?" అని అడిగాడు.

"నిన్ననే" అన్నాను.

ఆయన వంగి, చూపుడు వేలితో పట్టీని ముట్టుకున్నాడు. వేలి కొన తెల్లగా అయింది. దాన్ని చూసుకున్నాడు, నన్ను చూశాడు, ఆ వేలిని తారు మీద రుద్దుకున్నాడు. తర్వాత రాయించాడు: తెల్లరంగు గుర్తులు గలవు.

రంగు వేస్తుంటే ఊళ్లో కనీసం పదిమంది చూశారు. ఒక్కరూ నోరు విప్పలేదు. చాయ్ హోటలాయనను పక్కకు తీసుకెళ్తే ఆయనే నాకు ధైర్యం చెప్పాడు: "ఫికర్ జెయ్యకుండ్రి సార్. రంగు లేకుండె అంటె గీ బ్రేకర్ తీసేస్తరు. మాకు బ్రేకర్ గావాలె." కాపరి చావు వాళ్లది. ఈ ఆడమనిషి పొరుగూరిది.

ఆమె భర్త మంచినీళ్ల డబ్బాల ట్రాలీ ఆటో నడిపేవాడు. ఆ దిక్కు బోరు నీళ్లలో ఫ్లోరైడ్, తాగితే ఎముకలు వంగిపోతాయి. ఊరూరికీ డబ్బాలు పోవాల్సిందే. రోజుకు నాలుగుసార్లు ఆ రోడ్డు మీద తిరిగే మనిషి. అంతకు రెండు రోజుల ముందు భార్యను, తొమ్మిదేళ్ల బిడ్డను తీసుకుని అచ్చంపేట దగ్గర అత్తగారి ఊరికి ఏదో శుభకార్యానికి వెళ్లాడు. సెలవులని బిడ్డను అక్కడే ఉంచి, పొద్దున్నే డబ్బాలు ఎక్కించుకునే వేళకు అందాలని తెల్లారక ముందే, మబ్బులనే బయల్దేరాడు. ధర్నా సంగతి అతనికి తెలియదు.

మూడో రోజు దవాఖానకు వెళ్లాను. ఎందుకు వెళ్లానో చెప్పలేను. చేతికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. భార్య దహనం అయిపోయిందట. ఒంటి చేత్తో నిప్పు పెట్టాడట.

"సార్, మీరు రోడ్డు సారేనా?" అన్నాడు. "ఒక్కటడుగుత. ఆ రోడ్డు నాకు కండ్లు మూస్కున్నా ఎరుకే. మొన్నటిదాంక ఆడ ఏం లేకుండె. గది ఎప్పుడేసిన్రు?"

"ముందురోజు సాయంత్రం."

"తెల్లరంగు గూడ ఉన్నదంటున్నరు. లైటేసుకునే వచ్చిన సార్. నాకెందుకు కండ్లవడలే?"

నేను నిజం చెప్పడానికి అంతకంటే మంచి చోటు, మంచి గడియ మళ్లీ దొరకలేదు. నా నోటి నుంచి వచ్చింది ఇది:

"మబ్బుల గద తమ్మీ. కండ్లవడకపోయుంటది."

అతను తల ఊపాడు. "గంతేనేమో సార్. నా కండ్లే మూతవడ్డయేమో" అన్నాడు.

భార్య చావుకు అతని మీదే కేసు పెట్టారు. నిర్లక్ష్యంగా బండి నడిపాడని. ఒప్పుకుంటే తొందరగా తెగిపోతుందని ఎవరో చెబితే ఒప్పుకున్నాడట. ఆ సంగతి నాకు పేపర్ ద్వారా కాదు, మా వర్క్ ఇన్‌స్పెక్టర్ ద్వారా తెలిసింది. ఆయన చెప్పాడు, నేను విన్నాను, ఇద్దరం ఆ రోజు పనికి బయల్దేరాం.

ఆ తర్వాత నేను చేసిన పనులే మీకు తరగతిలో చెప్పినవి. వారం తిరగకుండా ఆ నిటారు గట్టును తవ్వించి, వెడల్పుగా మళ్లీ వేయించాను. రంగు ఆరేదాకా బండ్లను వదల్లేదు. మలుపులో కంప కొట్టించాను. పై నుంచి జవాబు వచ్చేదాకా ఆగడం మానేశాను. ఊరూరా గ్యాంగుతో అంచులకు మొరం పోయించాను, కల్వర్టు గోడలకు సున్నం కొట్టించాను, బడుల ముందు పట్టీలు వేయించాను, మలుపుల్లో చెట్లకు రేడియం ముక్కలు కొట్టించాను. ఎక్కడికి బదిలీ అయినా జీపులో సున్నం బస్తా ఉండేది. ఆఫీసులో నాకు "సున్నం సార్" అని పేరు పెట్టారు. ప్రేమగానే పిలిచేవారు. నిజంగానే కొన్ని మలుపుల్లో మళ్లీ శవం పడలేదు. ఒక జెండా పండుగ నాడు నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. కప్పుతుంటే కింద వరసలో వర్క్ ఇన్‌స్పెక్టర్ చప్పట్లు కొట్టకుండా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నాకు కనిపించిందని ఆయనకూ తెలుసు.

ఆయన ముందు రిటైరయ్యాడు, కొన్నేళ్లకు పోయాడు. తర్వాత నేను రిటైరయ్యాను. నాకు బీపీ తప్ప ఏ జబ్బూ లేదు. మనిషి దేనితోనైనా బతికేయగలడు. భయపడాల్సింది దానికే.

శిక్షణ తరగతిలో "అనుభవం" అని నవ్వి ఇంటికొచ్చాక మాత్రం నా వల్ల కాలేదు. ఆ నవ్వు ఎందుకో చెవుల్లోంచి పోలేదు. మరుసటి వారం బస్సెక్కి అతని ఊరికి వెళ్లాను. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. నీళ్ల ఆటో ఇంకా ఉంది. మనిషి మాత్రం ముసలివాడిలా ఉన్నాడు. విరిగిన చెయ్యి సరిగ్గా అతుక్కోలేదు, ఎడమ చేత్తో డబ్బాలు దింపుతున్నాడు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు.

వాకిట్లో కూర్చుని మొత్తం చెప్పాను. అతను మధ్యలో ఆపలేదు. అయిపోయాక, "నాకెరుకే సార్" అన్నాడు.

"ఎట్ల?"

"మీ ఇన్‌స్పెక్టర్ చెప్పిండు. రిటైరయిన తెల్లారే వచ్చిండు. గీ అరుగు మీదనే కూసోని ఏడ్చిండు."

"మరి నువ్వు ఎవ్వరికీ చెప్పలేదా?"

"చెప్పిన. మా అత్తగారోళ్లకు చెప్పిన. ఎవడో ముసలోనికి తాగవోసి చెప్పిచ్చినవన్నరు. పంచనామాల రంగున్నదని రాసుంది, కోర్టుల నేనే ఒప్పుకున్న, గింక ఎవ్వరు నమ్ముతరు?" ఖాళీ డబ్బా మూత బిగించాడు. "బిడ్డ ఆడనే పెరిగింది సార్. మా అత్త దగ్గర. నాయిన నిద్రల బండి నడిపి అమ్మను సంపిండు అని చెప్పి పెంచిన్రు. పండుగకు పోతె చాయ్ ఇస్తది, మొఖం దిక్కు చూడది."

నేను తల దించుకున్నాను. అతను డబ్బాలు మూలకు పెట్టి, లోపలికి వెళ్లి అంగీ మార్చుకుని వచ్చాడు.

"నాకు క్షమాపణ అక్కర లేదు సార్. మీరు ఆ పొల్లకు, నా బిడ్డకు చెప్పుండ్రి. ఇయ్యాల ఇంటికాడనే ఉంటది. పోదాం పాండ్రి."

రెండు బస్సులు మారాం, మూడు గంటల ప్రయాణం. దారిలో నా టికెట్ కూడా అతనే అడిగి తీసుకున్నాడు. కిటికీ పక్క సీటు నాకిచ్చాడు.

ఆ ఇంట్లో అవ్వ చేటలో కందులు చెరుగుతోంది. అల్లుణ్ని చూసి పలకరించలేదు. బిడ్డ లోపలి నుంచి వచ్చింది. నర్సింగ్ చదువుతోందట, పొడుగ్గా, సన్నగా ఉంది. కుర్చీ వేసి, నాకు నీళ్లిచ్చింది. తండ్రి గుమ్మం బయటే నిలబడ్డాడు.

నేను చెప్పడం మొదలుపెట్టాను. తాగమని ఇచ్చిన గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. కాపరి చావు, జనం, గట్టు, సున్నం అడిగిన వర్క్ ఇన్‌స్పెక్టర్, నా ఫోన్, తడి రంగు, ఎస్సై వేలు, దవాఖానలో నేనన్న మాట. ఏదీ దాచలేదు. అవ్వ చేతిలో చేట ఆగిపోయింది.

"గిన్నేండ్లకు యాదికొచ్చిందా సారూ?" అంది అవ్వ.

"యాదికి లేనిదెప్పుడవ్వా? చెప్పలేదు, గంతే."

ఆ పిల్ల నా దిక్కు చూడలేదు. గుమ్మం దిక్కు తిరిగింది.

"నాయినా, నువ్వు నిద్రల లేవా మరి?"

"లేను బిడ్డా."

"మరి కోర్టుల ఎందుకు ఒప్పుకున్నవ్?"

"రంగున్నదని అందరన్నరు బిడ్డా. సారు గూడ అన్నడు. నేనే చూడలేదేమో అనుకున్న."

ఆమె గోడకు ఆనుకుని అట్లాగే నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లోపలికి వెళ్లి లాంగ్ నోట్‌బుక్, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇప్పుడు చెప్పిందంత రాసియ్యుండ్రి సార్. సంతకం పెట్టుండ్రి."

"ఇస్త బిడ్డా. దీన్ని ఏడికి తీస్కపోతవో తీస్కపో. ఎవ్వరు పిలిచినా వచ్చి గిదే చెప్త."

ముప్పై ఏళ్లకు పైగా నివేదికలు రాసిన చేతికి ఆ రెండు పేజీలు రాయడానికి చాలాసేపు పట్టింది. అవ్వ లేచి పోయి, అల్లుడికి కుర్చీ తెచ్చి గుమ్మం లోపల వేసింది. అతను కూర్చోలేదు, కుర్చీ వీపు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. నేను సంతకం పెట్టి, నా హోదా, ఇప్పటి చిరునామా రాసి ఇచ్చాను.

ఆ పిల్ల నిలబడే చదివింది. మొదటి పేజీ, రెండో పేజీ, మళ్లీ మొదటి పేజీ. పంతులమ్మ పరీక్ష కాగితం చూసినట్టు ఒక చోట వేలు పెట్టి ఆగింది.

"పొద్దుగాల రంగేసిన్రని రాసిన్రు. ఎంతసేపు పట్టింది?"

"దేనికి బిడ్డా?"

"ఆ రంగు వెయ్యనీకి ఎంతసేపు పట్టింది సార్?"

"అరగంట" అన్నాను.

కాగితం మళ్లీ నా ముందు పెట్టింది.

"గది గూడ రాయుండ్రి."

రాశాను.